తోలు మార్చారు, బోల్టు మార్చలేదు

1979లో నన్ను ఆదోని సబ్‌డివిజన్‌కు జూనియర్ ఇంజనీరుగా వేశారు. గ్రామాల నీటి పనులు మా శాఖవి. వేసవి మొదలవుతుండగా నాకు అప్పగించిన పని ఒక కొత్త రకం చేతిపంపును పరీక్షించడం. తాలూకా అంతటా వేయడానికి ముందు హొళగుంద దారిలోని ఒక ఊళ్ళో దాన్ని బిగించి, వేసవి అంతా జనంతో కొట్టించి, బయటపడిన లోపాలను పై అధికారి అయిన డిప్యూటీ ఇంజనీరుకు రాసి పంపాలి. ఆయన సరేనంటే తయారీదారుకు ఆర్డరు వెళ్తుంది.

ఈ పరీక్షకు నియమం ఒక్కటే: పంపుకు విశ్రాంతి ఇవ్వకూడదు. వర్క్‌షాపులో కనబడని బలహీనత పదిమంది చేతులు పడితే కనబడుతుంది. అందుకే పెద్దవీధికీ గేరికీ మధ్య బోరు వేయించాను. గేరి అంటే అక్కడి మాటలో వీధి. ఆ ఊళ్ళో ఉత్తినే గేరి అంటే మాదిగల వీధి.

పంపు బిగించిన రోజే సర్పంచి మనుషులు దానికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టారు. ఇనుము అమ్మవారైపోయింది. ఇక గేరి వాళ్ళు పిడి ముట్టకూడదన్నారు. కడవ పట్టుకుని దూరంగా నిలబడితే ఎవరైనా దయతలచి పోస్తారట. అందరూ కొట్టకపోతే పరీక్ష చెల్లదని సర్పంచికి చెప్పాను. ఆయన నవ్వాడు.

"ఏమప్పా ఇంజనీరూ, బోరింగును పరీచ్చ సేయను వచ్చినావా, మా ఊరిని పరీచ్చ సేయను వచ్చినావా?"

డిప్యూటీ ఇంజనీరుకు చెబితే ఊరి కట్టుబాట్లలో వేలు పెట్టవద్దన్నారు.

ఉరుకుందమ్మ గేరి మనిషి. భర్త లేడు. పత్తి తీసే కూలితో ఇల్లు నడిపేది. ఒక మిట్టమధ్యాహ్నం, పెద్దవీధి తలుపులన్నీ మూసి ఉండగా, కడవతో ఎదురుచూసి విసిగి తానే పిడి అందుకుంది. కొద్దిసేపు కొట్టిందో లేదో, పిడిని లోపలి కడ్డీతో కలిపే గొలుసు ఊడింది. పట్టు తప్పిన పిడి ఒక్కసారిగా కిందికి పడింది, దాంతోపాటు ఆమె. కుడి ముంజేయి పిడి కింద నలిగి విరిగింది.

నేను వెళ్ళేసరికి ఆమె చేతికి నాటుకట్టు కట్టారు. పంపుకు పసుపునీళ్ళ స్నానం చేయిస్తున్నారు. అమ్మోరు తన కోపం చూపించిందని ఒకాయన అన్నాడు. అమ్మవారికి కులం ఎవరు చెప్పారని అడిగాను. సర్పంచి ముందే మెకానిక్కుతో పంపు తల విప్పించాను. గొలుసును పట్టి ఉంచే బోల్టుకు ఒకే నట్టు ఉంది, అది వదులైంది. కొట్టేకొద్దీ వదులవుతుంది. దాన్ని ఆపే రెండో నట్టు పెట్టలేదు. పెద్దవీధి వాళ్ళు కొట్టింది తక్కువ గనుక అంతవరకూ ఆగింది.

మిగతా భాగాలు చూద్దామని కడ్డీలు పైకి లాగించాను. చివరన, నీటిని పైకి తెచ్చే నల్లటి వాషర్లు బయటికి వచ్చాయి. దూరంగా నిలబడ్డ ఉరుకుందమ్మ కేక వేసింది.

"సారూ, ఆ నల్లగుండేది తోలు గాదా?"

తోలేనన్నాను.

"సూడు సర్పంచన్నా! మా గేరిలో పదును సేసే తోలు మీ నీళ్ళల్లో మునగొచ్చునంట, నా సెయ్యి ఆ ఇనుము మీద పడితే మైలంట! ఇన్నాళ్ళూ ఆ నీళ్ళు ఎట్ల మింగితివి నాయినా?"

గేరి జనం నవ్వారు. సర్పంచి ముఖం మాడింది. ఆమెకు బదులు చెప్పకుండా నా వైపు తిరిగాడు.

"తోలు పెట్టి మాకు నీళ్ళు తాపిస్తాండారా? రబ్బరుది ఎయ్యకుంటే ఈ బోరింగు మాకొద్దని పైకి రాస్తాను, ఏమనుకున్నావో!"

నేను బోల్టు గురించి, విరిగిన చేయి గురించి రాశాను. ఆయన తోలు గురించి రాశాడు. డిప్యూటీ ఇంజనీరు నన్ను పిలిపించారు. గేరి వాళ్ళు పంపు ముట్టరని ఊరే చెబుతోంది, ముట్టని మనిషికి పంపు దెబ్బ ఎలా తగులుతుందని అడిగారు. తర్కం ఆయనకూ వచ్చు. ఎవరి మీద వాడాలో కూడా తెలుసు. నేను రాసిన పేరాను కొట్టేశారు. చివరికి పరీక్షలో తేలిన లోపం ఒక్కటే, తోలు వాషరు. తయారీదారు వెంటనే రబ్బరుకు ఒప్పుకున్నాడు.

మరుసటి ఏడు ఆ పంపులు తాలూకా అంతటా దిగాయి. గొడవ ఎందుకని గేరికి విడిగా ఒకటి ఇచ్చారు. అక్కడ దానికి పొద్దున్నుంచి మాపటిదాకా తెరిపి లేదు. ఎండలు ముదరకముందే గొలుసు ఊడింది. ఈసారి ఒక ముసలాయన ముందుపళ్ళు పోయాయి. గేరి వాళ్ళు మోటుగా వాడారని మా శాఖ రాసుకుంది.

బాగుచేయించడానికి వెళ్ళినప్పుడు ఉరుకుందమ్మ కనిపించింది. చేయి వంకరగా అతుక్కుంది. పత్తి కూలికి ఆమెను ఎవరూ పిలవడం లేదు.

"మాది మాకే ఇస్తిరి గదా సారూ, ఇప్పుడు ఏ అమ్మోరికి కోపమొచ్చె?" అంది.

బోల్టుకు రెండో నట్టు బిగించి వచ్చాను. ఎవరి అనుమతీ అడగలేదు.

ఆ తర్వాతి ఉద్యోగకాలంలో చాలా యంత్రాలను పరీక్షించాను. ప్రతి ఊళ్ళోనూ, దీన్ని ఎవరిని ముట్టనివ్వరని మొదట అడిగాను. వాళ్ళ చేతులు పడకుండా పరీక్షలో నెగ్గిన యంత్రం చివరికి విరిచేది వాళ్ళ చేతులనే.