సంతకం పెట్టని హవల్దార్ సాబ్

పోయిన బుధవారం పొద్దున మా గల్లీ హవల్దార్ సాబ్ కన్నుమూశారు. అశోక్‌నగర్‌లో నా జిరాక్స్ షాపు పైవాటాలో ఆయన, వాళ్ళావిడ కిరాయికి ఉండేవాళ్ళు. కబురు తెలియగానే నాకు ముందు ఏడుపు రాలేదు, అనుమానం వచ్చింది. ముందురోజు సాయంత్రం నాతో చాయ్ తాగిన మనిషి తెల్లారేసరికి ఎట్లా పోతాడు? గుండె ఆగిందని డాక్టరు చెప్పినా నమ్మక, మంచం పక్కనున్న మందు సీసాలన్నీ వాసన చూశాను. నవ్వకండి. ఆయన పక్కన అన్నేళ్ళు కూర్చుంటే మీరూ అంతే చేసేవారు.

ఆయన సైన్యంలో లారీలు బాగుచేసే మెకానిక్. ఏ ఆటో ఎక్కాలన్నా ముందు డ్రైవర్ చేత బ్రేకు తొక్కించి, వెనక నుంచి బండిని నెట్టి చూసేవారు. నారాయణగూడ చౌరస్తాలో ఆటోవాళ్ళు ఆయన్ని చూస్తే మొహం తిప్పుకునేవాళ్ళు. హోటల్లో ఎప్పుడూ గోడకు వీపు ఆనించి, తలుపు కనబడేటట్టు కూర్చునేవారు. చిక్కడపల్లి లైబ్రరీకి రోజూ పేపర్లు చదవడానికి వెళ్ళేవారు గానీ, రిజిస్టర్లో సంతకం పెట్టమంటే మాత్రం ససేమిరా అనేవారు. "లోపట కూసొని పేపర్ చదువుకుంట. దానికి సంతకమెందుకు?" అని వాదన. కొన్నాళ్ళకు అక్కడి ఉద్యోగి ఆయన్ని చూడగానే రిజిస్టర్ మూసి పక్కన పెట్టడం మొదలుపెట్టాడు.

నా షాపులో కూర్చుంటే, ప్రతి గిరాకీ వెళ్ళాక లేచి మెషీన్ మూత ఎత్తి చూసేవారు. ఎవరి కాగితమైనా లోపల ఉండిపోయిందేమోనని. నా దగ్గరికి కాపీలకొచ్చే కోచింగ్ పిల్లల్లో ఒక్కడి సర్టిఫికెట్టూ పోలేదంటే అది ఆయన చలవే. ఆ పిల్లలే ఆయన వెనక "మెంటల్ సాబ్" అనుకునేవాళ్ళు. ఒకసారి ఆయనే విన్నారు. నేను వాళ్ళ మీదికి లేస్తే ఆపి, "ఉండనీ తమ్మీ. ఆ పేరు వాళ్ళు పెట్టింది గాదు, సర్కార్ పెట్టింది" అన్నారు.

అసలు సంగతి ఇది. ఆయన పనిచేసిన కొండల్లో, లారీలకు పాత బ్రేకు సామానుకే రంగు పూసి, కొత్తదని చెప్పి బిగించమనేవారట. ఒక లారీ లోయలో పడి డ్రైవర్ చనిపోయాడు. పై అధికారికి చెప్తే నోరు మూసుకోమన్నాడు. సెలవు మీద వచ్చినప్పుడు తమ ఎంపీ ఇంటికి వెళ్ళి అంతా చెప్పారు. సిపాయి అట్లా నేరుగా ఎంపీ గడప తొక్కడం సైన్యంలో తప్పు. ఎంపీ మనుషులు ఈయన పేరూ సైన్యం నంబరూ వేసి మరీ ఢిల్లీకి రాశారు. ఢిల్లీ వాళ్ళు "తగు చర్య నిమిత్తం" అని కిందికి పంపారు. ఒక్కో ఆఫీసూ దాటి, ఎవరి మీద చెప్పారో ఆ అధికారి టేబుల్ మీదికే చేరింది ఆ కాగితం.

"దొంగ మీద ఫిర్యాదు దొంగకే పంపిండ్రు తమ్మీ. మల్ల స్టాంపు గుద్ది పంపిండ్రు" అని నవ్వేవారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఎంపీ మనుషులది తెలివితక్కువతనమా, కుమ్మక్కా? నాకైతే ఇప్పటికీ కుమ్మక్కనే అనిపిస్తుంది. "అనుమానపడు, గని ఊకె ఒకల మీద తొయ్యకు" అనేవారాయన.

తర్వాత ఆయన్ని వర్క్‌షాప్ నుంచి తీసి వంటశాలలో వేశారు. ఆ పైన మానసిక వైద్యుల వార్డులో పెట్టారు. ఈయనకు మతి సరిగా లేదని తోటివాళ్ళ చేత సంతకాలు పెట్టించి ఇంటికి పంపేశారు. అప్పుడు తనతో పనిచేసిన వాళ్ళలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు వచ్చి, నువ్వు చెప్పింది నిజమే అనాలి. ఆయన బతుకంతా ఆ ఒక్క మాట కోసమే ఎదురుచూశారు. ఎవరూ రాలేదు.

శవం లేచేటప్పుడు గల్లీ మొగదల ఎవరో కొత్త మనిషి కనిపించాడు. పొట్టి క్రాఫు, మెరిసే బూట్లు. చచ్చాక కూడా వదలరా అనుకున్నాను. శ్మశానం దాకా మా వెనకే వచ్చాడు. ఆగలేక ఎదురెళ్ళి అడిగాను.

"ఎవరు నువ్వు? ఎవరు పంపిండ్రు నిన్ను?"

"ఎవరు పంపలే అన్నా. మాది పాలమూరు. వాట్సాప్‌ల సాబ్ ఫోటో చూసి వచ్చిన. అప్పుడు ఆడ డ్రైవర్‌ను నేను." ఫోను తీసి ఆ ఫోటో చూపించాడు. "మతి బాలేదని సంతకం పెట్టినోళ్ళల్ల నేనొకణ్ణి."

నా చెయ్యి లేచింది. అంతలో గేటు దగ్గర పాడె దించారు. దింపుడు కళ్ళం దగ్గర అయినవాళ్ళు చెవిలో మూడుసార్లు పిలుస్తారు కదా, ప్రాణం ఉంటే పలుకుతారేమోనని. తమ్ముడి కొడుకు "పెద్దనాయినా" అని పిలిచి లేచాడు. ఆడవాళ్ళు రావద్దన్నా వినకుండా ఆటోలో వెనకే వచ్చిన అమ్మ, ఆయన ఇల్లాలు, పాడె పక్కనే నిలబడి ఉంది.

"నేను గూడ పిలుస్త" అన్నాడు ఆ మనిషి. నేను వద్దన్నాను. ఏం నాటకమో ఎవరికి తెలుసు? అమ్మ నా వైపు చూసి, "రానియ్యి" అన్నది.

అతను వంగి, గొంతు తగ్గించి అన్నాడు. "సాబ్, ఆ బండికి బ్రేకుల్లేకుండె. మీరు జెప్పింది నిజం."

"గట్టిగ జెప్పు బిడ్డా" అన్నది అమ్మ. "ఆయనకు ఆ చెవు ఇనవడది."

అతను లేచి, బూట్లు విప్పి, పాడె చుట్టూ తిరిగి ఎడమ పక్కకు వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మోసినవాళ్ళు ఖాళీ భుజాలతో నిలబడ్డారు. రోడ్డు మీద బస్సు హారన్ మోగుతూనే ఉంది. అతను వినబడే ఆ ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి, మాకందరికీ వినబడేటంత గట్టిగా, మళ్ళీ మొదలుపెట్టాడు.