ఎడమ చేత్తో బొట్టు

నా కంప్యూటర్‌లో నేనే మరిచిపోయిన ఒక చిన్న అమరిక వల్ల నిజం చెప్పిన మనిషి అబద్ధాలకోరు కాబోయాడు. నా పనే చేసే ఇంకొకరికి అలా జరగకూడదని ఇది రాసి పెడుతున్నాను.

2022, ఎండలు ఇంకా ముదరని రోజులు. బేస్తవారిపేటలో నాది చిన్న కంప్యూటర్ దుకాణం. ఈ పని నాకు గురువులెవరూ నేర్పలేదు. గ్రంథాలయంలో కూర్చుని పుస్తకాలు చూసి నేర్చుకున్నాను.

ఆ మధ్యాహ్నం గొర్రెలు కాసే గురవయ్య, కూతురు లక్ష్మితో వచ్చాడు. వెంట కోటయ్య అనే మరో గొర్రెల ఆసామి. గురవయ్య పొట్టేలు ఒకటి తప్పిపోయింది. ఎడమ కంటి చుట్టూ నల్ల మచ్చ ఉన్న అలాంటి పొట్టేలే కోటయ్య మందలో కనబడింది. పొదిలి సంతలో కొన్నానంటాడు కోటయ్య. దేవుడికి మొక్కుకున్నది కాబట్టి గురవయ్య దానికి ఆనవాలుగా చెవి గాటు పెట్టలేదు. మిగిలిన సాక్ష్యం, మొక్కుకున్న రోజు లక్ష్మి ఫోన్లో తీసిన వీడియో ఒక్కటే. సాయంత్రం పెద్దమనుషులు కూర్చుంటారు.

ఆ ఫోన్ పాడైపోయింది. లక్ష్మి ముందే పెన్‌డ్రైవ్‌లో దాచిన వీడియోను ప్లేయర్‌లో పెడితే మాట వినబడుతోంది, బొమ్మంతా పచ్చటి మరకలు.

"పోయిందా నాయనా?" గురవయ్య అడిగాడు.

హార్డ్‌వేర్ డీకోడింగ్ ఆపాను. అంటే వీడియోను విప్పే పని గ్రాఫిక్స్ చిప్‌కు వదలకుండా ప్లేయర్‌తోనే చేయించడం. బొమ్మ తేటపడింది. పొట్టేలు ఎదురుగా నిలబడి ఉంది. మచ్చ కుడి కంటికి ఉంది.

"చూసినావా మామా! నాది ఎడమ కన్ను. ఇది వేరేది," అన్నాడు కోటయ్య.

"నేను సాకినదాని మొగం నాకు తెల్వదా?" గురవయ్య తెర దగ్గరికి వంగాడు. లక్ష్మి నా వైపే చూస్తోంది. వీడియోలో గురవయ్య పొట్టేలు నుదుట కుంకుమ పెడుతున్నాడు.

కోటయ్య నవ్వాడు. "ఏంది మామా, దేవుడి పొట్టేలుకు ఎడమ చేత్తో బొట్టా? అందుకే పోయింటాది!"

"నేనెందుకు పెడతానురా ఎడమ చేత్తో?"

అప్పుడు తట్టింది. రెండు రోజుల ముందు డాన్సు నేర్చుకునే ఆడపిల్లలు అడిగితే, వాళ్ల వీడియో అద్దంలోలాగా కనబడేటట్టు ఎఫెక్ట్స్‌లో ఫ్లిప్ పెట్టాను, తీయడం మరిచాను. చిప్ పని చేసినంతసేపు ఆ ఫ్లిప్ బొమ్మ మీద పనిచేయలేదు. నేను చిప్‌ను ఆపగానే పనిచేసింది.

ఫ్లిప్ తీశాను. బొట్టు కుడి చేతికి వచ్చింది, మచ్చ ఎడమ కంటికి పోయింది. కావాలని తిప్పానని కోటయ్య అనొచ్చు.

"ఇంకోసారి ఏయి," అన్నాడు కోటయ్య. చూశాడు.

"కుడి చెయ్యే. ఎవురూ ఎడమ చేత్తో పెట్టరు," అన్నాడు చివరికి. "తోలుకపో మామా. నాకు అమ్మినోడి సంగతి నేను చూసుకుంటా."

అప్పటి నుంచి ఏ వీడియో వచ్చినా, ముందు నా ప్లేయర్‌ను మొదటి అమరికకు తెచ్చి, ఆ తర్వాతే ఫైల్‌ను అనుమానిస్తాను.

వీడియోను దాచిపెట్టిన లక్ష్మికి, గడువు దాటినా కంప్యూటర్ పుస్తకం నా దగ్గరే ఉంచుకోనిచ్చిన గ్రంథపాలకురాలు సుజాతమ్మకు, నన్ను ఒక్క మాటా అనని గురవయ్యకు కృతజ్ఞతలు. అందరికన్నా ఎక్కువ కోటయ్యకు. వెక్కిరించడానికే ఆ చేతి మాట ఎత్తాడు. పొట్టేలు పోతుందని తెలిసి కూడా ఆ మాటను వెనక్కి తీసుకోలేదు.