మా పెళ్లికి జర్మనీ బాజా

ఆ రోజుల్లో మా బళ్లారిలో టేప్‌రికార్డరు కొన్నవాడు తన కోసం కొన్నట్టు కాదు, వీధి మొత్తానికీ కొన్నట్టు లెక్క. ఎవరింట్లో ఏ పాట మోగుతోందో అందరికీ తెలిసేది. ఒకరింట్లో భక్తి పాటలు, ఎదురింట్లో కన్నడ సినిమా పాటలు, మా నాయన లారీ ఆఫీసు మేడ మీద నా గదిలో మాత్రం జర్మనీ, ఆస్ట్రియా సైన్యాల కవాతు బాజా. అదేదో నేను మహావీరుణ్ణని అనుకోకండి. సైన్యంతో నాకున్న సంబంధమల్లా కాలేజీలో ఎన్‌సీసీలో చేరి, ఎండకు కళ్లు తిరిగి పడిపోయి, వారం తిరక్కుండానే మానేయడం. (ఆ ఖాకీ నిక్కరు చాలాకాలం మా లారీలు తుడవడానికి పనికొచ్చింది.)

ఆ క్యాసెట్ నాకిచ్చింది ఒక జర్మనీ ఇంజనీరు. సండూరు కొండల్లో ఒక గనిలో యంత్రం బిగించడానికి వచ్చాడు. ఆయన్ని జీపులో తిప్పే పని నాయన నాకు అప్పజెప్పాడు. మనిషి మరీ పొడుగు కావడంతో మా డ్రైవర్లు ఆయనకు నిచ్చెన దొర అని పేరు పెట్టారు. వెళ్లిపోతూ, నా భుజం తట్టి, ఆ క్యాసెట్ చేతిలో పెట్టాడు. ఒకవైపు జర్మనీ బాజా, రెండోవైపు ఆస్ట్రియా బాజా. వినగా వినగా నాకు తేడా పట్టుబడింది. జర్మనీ బాజా మడమ నేలకు గట్టిగా ఆనించి నడుస్తుంది, డ్రమ్ము చెప్పిన మాట కొమ్ములు జవదాటవు. ఆస్ట్రియాదీ కవాతే గానీ, మధ్యలో పిల్లనగ్రోవులు కిలకిలా నవ్వుతాయి. యుద్ధానికి పోయే దారిలో మిఠాయి అంగడి కనిపిస్తే కాసేపు ఆగుదాం అన్నట్టుంటుంది దాని వాలకం. "ఏందప్పా ఇది, పొద్దున్నే యుద్ధమా?" అని నాయన విసుక్కునేవాడు. "ఆ డబడబలకు చెయ్యి ఆగక నా రొట్టెలు పలచనైపోతాండాయి" అని అమ్మ. మా అవ్వ ఒక్కతే నా పక్షం. "అది వింటాంటే మోకాళ్ల నొప్పి తెలీదురా, పెట్టు" అనేది.

ఇంతలో నాకు పెళ్లిచూపులు. బళ్లారి బజారులో విత్తనాల అంగడి నడిపే కుటుంబం. పెద్దవాళ్లు వానల గురించి మాట్లాడుకుంటుంటే ఆ అమ్మాయి తలెత్తి, "మీకు ఎట్లాంటి పాటలు ఇష్టం?" అని అడిగేసింది. నేను నిజం చెప్పాను. మా అమ్మ నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. "అదెట్లుంటాదో వినాలని ఉండాది" అంది. అంతే, నా పని అయిపోయింది. చేసుకుంటే ఈ అమ్మాయినే చేసుకోవాలి, ఆ బాజా ఈమెకు వినిపించే తీరాలి అనుకున్నాను.

పెళ్లి కుదిరింది. ఊరేగింపుకు మాట్లాడిన బ్యాండు పెద్దను అందరూ ట్రంపెట్ సాహెబు అనేవారు. నేను క్యాసెట్ పట్టుకుపోయి వినిపిస్తే ఆయన కళ్లు మెరిశాయి. "అరె అప్పా, సినిమా పాటలు ఊదీ ఊదీ నా బుగ్గలు సడలిపోయినాయి. ఇది అస్లీ బాజా! పెండ్లికి ఇదే వాయిస్తాం" అన్నాడు. క్యాసెట్ రెండువైపులూ రహస్యంగా సాధన చేశారు. ఆయనా మరిచిపోయాడు, నేనూ మరిచిపోయాను గానీ, పెళ్లి ఊరేగింపు అనేది నడక కాదు, నిదానం. ప్రతి మూలలోనూ ఆగాలి, కుర్రాళ్లు గంతులెయ్యాలి. దూరంగా బ్యాండు వినబడ్డాక ఆడపిల్లవాళ్లు తీరిగ్గా ముస్తాబై, పానకం, గంధం, పన్నీరు పట్టుకుని వాకిట్లోకి వచ్చి ఎదురుకోలు చెయ్యాలి. వాళ్లు ఎదురు రాకుండా మగపెళ్లివారు గడప తొక్కరు. అది జరగకపోతే అవమానం, అవమానమైతే అంతే సంగతులు. పైగా మా పెద్ద మేనమామ పేరే రోషం మామ. నిశ్చితార్థంలో కాఫీ తనకంటే ముందు వేరే ఎవరికో ఇచ్చారని లేచి బస్టాండులో పోయి కూర్చున్న మనిషి.

పెళ్లి రోజు పొద్దున విడిది నుంచి బయల్దేరాం. జీపులో నేను, నా పక్కన అవ్వ. ట్రంపెట్ సాహెబు నాకు కన్నుగీటి జర్మనీ బాజా అందుకున్నాడు. అబ్బ, ఏం వాయించాడండీ! ఆ దెబ్బతో జనం కాళ్లకు చక్రాలొచ్చాయి. ఎవరూ ఆగలేదు, ఎవరూ గంతులెయ్యలేదు. అత్తలు ఒక చేత్తో కుచ్చిళ్లు, ఒక చేత్తో పళ్లాలు పట్టుకుని టకటకా నడిచారు. కొబ్బరికాయలు పళ్లాల్లో దొర్లాయి. మా డ్రైవరు బజారులో సెకండ్ గేరు వేశాడు. "నిదానమప్పా, నిదానం!" అని నాయన అరుస్తూనే అందరికంటే ముందు పోతున్నాడు. అవ్వ నా మోకాలి మీద తాళం వేస్తోంది.

పెళ్లి జరిగే ఛత్రం వాకిట్లో ఒక్క నరపురుగు లేదు. గరిటె పట్టుకుని వంటమనిషి బయటికొచ్చి, "ఎవురప్పా మీరు? టిఫన్‌కు ఇంకా టైముండాది" అన్నాడు. (తర్వాత తెలిసింది, లోపల అందరూ ఆ బాజా విని ఏదో స్కూలు పరేడు పోతాందనుకున్నారట. పెళ్లికూతురి నాయన, అంటే మా మామగారైతే గడ్డం గీసుకుంటూ, "పిల్లోళ్లు బాగా వాయిస్తాండారు" అని మెచ్చుకున్నారట కూడా.)

రోషం మామ మొహం కందిపోయింది. "పిల్సి అవమానం చేస్తారా? వంటోడా మనకు ఎదురుకోలు? తిప్పండి బండి! ఈ సంబంధం వద్దు, ఏం వద్దు!" అని అరిచాడు. నా బాజా పిచ్చి నా పెళ్లికే ఎసరు పెట్టింది కదా అని ఏడుపొక్కటే తక్కువ. "మామా, స్వల్ప ఆగు మామా" అన్నాను. విననేలేదు. డ్రైవరు బండి తిప్పాడు. అప్పుడు అవ్వ ముందుకు వంగి, "సాయిబూ, సుమ్నే, ఊరికే నడుస్తారా ఏంది? రెండోవైపుది వాయించు" అంది.

రెండోవైపుది ఆస్ట్రియా బాజా. మామ అందరికంటే ముందు, తలపాగా ఎగరేసుకుంటూ, మండిపడుతూ నడుస్తున్నాడు. మొదటి మూల దాటేసరికి ఆయన చెయ్యి ఊగడం మొదలైంది. రెండో మూలకు తల ఊగింది. పిల్లనగ్రోవులు నవ్వే చోటికి వచ్చేసరికి ఆయన భుజాలు కూడా ఒప్పుకున్నాయి. ఆ తాళంలో నడుస్తూ కోపంగా ఉండటం మానవమాత్రుడికి సాధ్యం కాదు, కావాలంటే ప్రయత్నించి చూడండి. విడిదికి తిరగాల్సిన సందు వచ్చింది. ఆయన అటు తిరగలేదు. బజారు చుట్టూ తిరిగి మళ్లీ ఛత్రం ముందుకే తెచ్చి నిలబెట్టాడు.

ఈసారి మామగారు పరిగెత్తుకొచ్చారు. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప నిండా సబ్బు నురగ. చేతిలో పానకం గ్లాసు. "తప్పయిందప్పా, ఆడోళ్లింకా చీరలు కట్టుకుంటాండారు" అన్నారు. అందరం రోషం మామ వైపు చూశాం. ఆయన పానకం గటగటా తాగి, మూతి తుడుచుకుని, "పర్వాలేదు బావా, ఆ చెంప కూడా గీసుకో. మేమింకో సుత్తు బజారు తిరిగొస్తాం. సాయిబూ, ఆ నవ్వేదే వాయించు!" అన్నాడు.

మూడోసారి వచ్చేసరికి అందరూ వాకిట్లో ఉన్నారు. గంధం, పన్నీరు, కొత్త చీరలు, రెండు చెంపలూ నున్నగా ఉన్న మామగారు. తల పైకెత్తితే మేడ కిటికీలో పెళ్లికూతురు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆనందంతో నా కళ్లు చెమర్చాయి. తలంబ్రాలప్పుడు మెల్లగా, "ఎట్లుండాది బాజా?" అని అడిగాను. "మూడు మాట్లు విన్నా గదా, బాగుండాది. ఇంకో మాటు పోయి రాండి" అంది.

ఇప్పుడు పొద్దున్నే ఇద్దరం మైదానంలో నడుస్తాం. నా మోకాళ్లు అవ్వ మోకాళ్లలాగే అయ్యాయి. దానికి మందు నాకు తెలుసు కాబట్టి, ఆస్ట్రియా బాజా నోటితోనే అందుకుంటాను. నాకు తెలియకుండానే కాళ్లు వేగమందుకుంటాయి, ఆవిడ వెనకబడుతుంది. అప్పుడు వెనక నుంచి వినిపిస్తుంది: "స్వల్ప నిదానంగా పోండి పెండ్లికొడుకా, మా నాయన ఇంకా గడ్డం గీసుకుంటాండాడు." మామగారు పోయి చాలా ఏళ్లయింది. అయినా ఆ మాట వినగానే నా కాళ్లు వాటంతట అవే ఆగిపోతాయి. ఆవిడ వచ్చి పక్కన చేరేదాకా కదలవు.