తెర మీద ఎత్తిన చేయి

మా తెలుగు క్రైస్తవ సంఘానికి సొంత చర్చి లేదు. ఎడిసన్‌లో ఒక అమెరికన్ చర్చి హాలును ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు అద్దెకు తీసుకునేవాళ్లం. పాటల మాటలు ప్రొజెక్టర్ మీద చూపించే పని నాది. వారమంతా ఆఫీసులో సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికి, ఆదివారం కూడా లాప్‌టాప్ ముందే కూర్చునేదాన్ని. అయినా ఆ పని ఇష్టంగానే చేశాను.

ఆ చలికాలంలో, మాకు పల్లవి ఎత్తి ఇచ్చే ఆంటీ మంచు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. గుంటూరు దగ్గర మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరై, ప్లెయిన్స్‌బరోలో కూతురి దగ్గర ఉండేవారు. ఆపరేషన్ అయ్యాక చూడటానికి వెళ్తే నొప్పి ఊసే ఎత్తలేదు. "ఈ వారం ఏ పాటలు పాడారమ్మా?" అని అడిగారు.

ఇంటికి వచ్చి నా పాత లాప్‌టాప్ దులిపాను. దానికో వెబ్‌క్యామ్ తగిలించి, ఆవిడ కూతురి కంప్యూటర్‌కి వీడియో కాల్ పెట్టి చూశాను. పని చేసింది. పాస్టర్‌గారిని అడిగితే "మంచిదే, చేయమ్మా" అన్నారు.

మొదటి ఆదివారం ఆంటీ పట్టుచీర కట్టుకుని, ఒళ్లో బైబిల్ పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నారు. పాట మొదలైంది. ఆవిడ గొంతు హాలు స్పీకర్లలోంచి ఒక క్షణం ఆలస్యంగా, మా అందరి గొంతుల మీదుగా వచ్చిపడింది. తబలా వాయించే ఆయన ఆపేశాడు. ఎవరో నవ్వారు. కంగారులో నేను ఆవిడ మైక్ మ్యూట్ చేసేశాను. చిన్న తెర మీద ఆంటీ పెదవులు కదులుతూనే ఉన్నాయి.

ఆరాధన తర్వాత టీ దగ్గర సంఘ పెద్ద నన్ను పిలిచారు. ఆయన రిటైరైన ఇంజనీరు. టెక్నాలజీ తెలియని మనిషి కాదు. అందుకే ఆయన మాటలకు నాకు ఇంకా మండింది.

"ఇదేం పద్ధతమ్మా? ఇంట్లో కూర్చుని చూస్తే సంఘం దేనికి? రేపు స్నో పడితే అందరూ ఇదే అడుగుతారు."

"అంకుల్, ఆవిడ నడవలేరు."

"నడిచే దాకా ప్రేయర్ చేద్దాం. సరే, పెట్టావు కాబట్టి ఉండనీ. కానీ ఆవిడ వినాలి అంతే, మాట్లాడకూడదు. డిస్టర్బ్ అవుతుంది. కెమెరా కూడా పుల్‌పిట్ వైపే ఉంచు."

అంటే, మనుషుల్ని చూడాలని ఆశపడిన మనిషికి మేము చూపించింది ఒక చెక్క బల్ల, మైకు, వాక్యం చెప్పేవారి తల. అయినా సరేనన్నాను.

మూడో వారం సాక్ష్యాల సమయంలో ఒక్కొక్కరే లేచి దేవుడు తమకు చేసిన మేలు చెబుతున్నారు. తర్వాతి పాట తెలుగు అక్షరాలు తెర మీద డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తుంటే నేను ఫాంట్‌తో కుస్తీ పడుతున్నాను. తలెత్తి చూసేసరికి పాత లాప్‌టాప్ తెర మీద ఆంటీ చేయి ఎత్తి ఉన్నారు. ఎంతసేపటి నుంచో తెలియదు. నేను మౌస్ అందుకునే లోపే పాస్టర్‌గారు ప్రార్థన మొదలుపెట్టారు. ఆవిడ చేయి మెల్లగా దించుకున్నారు.

కారులోంచే ఫోన్ చేశాను. "చేయి ఎత్తానమ్మా, కనబడలేదేమో. వాకర్ లేకుండా ఐదడుగులు వేశాను. అది చెబుదామనుకున్నా," అన్నారు.

మరుసటి వారం ముందే పాస్టర్‌గారిని అడిగి ఆంటీ సాక్ష్యానికి రెండు నిమిషాలు ఇస్తామని మాట తీసుకున్నాను. ఆ రోజే సంఘ పెద్ద ప్రకటనలు పిక్నిక్ దగ్గర మొదలై పార్కింగ్ దాకా సాగాయి. నాలుగు కావస్తోంది. హాలు చూసుకునే అమెరికన్ అతను తలుపు దగ్గరికి వచ్చి గడియారం చూపించాడు. "ఆ సాక్ష్యం వచ్చే వారం చూద్దాం," అన్నారు పెద్దాయన.

నాకేమైందో తెలియదు. ఎవరినీ అడగకుండా మ్యూట్ తీసేశాను.

"వందనాలు," అంది ఆంటీ గొంతు స్పీకర్లలో. "దేవుని కృప వల్ల నేను..." తర్వాత నెట్ నత్తనడక పట్టింది. "ఐ... అడు..." అని రెండు ముక్కలు వచ్చి బొమ్మ ఆగిపోయింది. నోరు తెరిచిన ముఖం అలాగే నిలిచిపోయింది. హాలంతా నావైపు తిరిగింది.

"అందుకే వద్దన్నాను," అన్నారు పెద్దాయన, కోపం లేకుండానే. ఆ శాంతమే నన్ను ఎక్కువ బాధించింది.

నేను లేచి, "ఆంటీ ఐదడుగులు నడిచారు. అదే చెప్పబోయారు," అన్నాను. ఎవరో ఒకరిద్దరు స్తోత్రం అన్నారు. మిగతావాళ్లు కోట్లు తొడుక్కుంటున్నారు.

మరుసటి వారం నుంచి వీడియో కాల్ వద్దని సంఘ కమిటీ తీర్మానించింది. బదులుగా ఆరాధన రికార్డ్ చేసి సీడీ పంపమన్నారు. పంపాను. మూడో సీడీ ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఆంటీ, "బాగా వచ్చిందమ్మా. నేను లేకపోయినా శ్రుతి ఎక్కడా తప్పలేదు," అన్నారు. పొగడ్తో నిష్ఠూరమో నాకు ఇప్పటికీ తెలియదు.

మంచు కరిగాక ఆవిడే వచ్చారు, కూతురి చేయి పట్టుకుని. పెద్దాయన ఎదురెళ్లి కుర్చీ వేశారు. తర్వాత నా దగ్గరికి వచ్చి, సంతోషంగా, "చూశావా అమ్మా, మనిషి రావడమే వేరు," అన్నారు.

ఆయన అన్నది అబద్ధం కాదు. అయినా పదకొండు వారాలు ఆవిడ రాలేకపోయారని, వచ్చే దారి మన చేతుల్లోనే ఉండిందని చెప్పాలనుకున్నాను. ఆంటీ అప్పటికే పల్లవి ఎత్తుకున్నారు. నేను పాట మాటలు తెర మీద పెట్టాను.