వాగు దాటిన గేదె

బసిలీసా గుంబాన్‌కు చదవడం ఒక జబ్బు లాంటిది. ఎండుచేపలు చుట్టి ఇచ్చిన పాత పత్రికను సైతం విప్పి, వాసన ముక్కుకు కొడుతున్నా చివరి అక్షరం దాకా చదివి గానీ పొయ్యిలో పెట్టేది కాదు. బడి ఏడో తరగతితోనే ఆగిపోయింది. కానీ అక్కడ నేర్చుకున్న ఇంగ్లీషుకు నలభై ఏళ్లుగా తుప్పు పట్టనివ్వలేదు. మందు సీసా మీది చీటీ, ఎరువు బస్తా మీది అచ్చు, చర్చి గోడకు అంటించిన పెళ్లి ప్రకటన, ఏది కనబడినా వేలు పెట్టి ఒక్కో మాటా తడుముకుంటూ చదివేది.

బతుకుతెరువు మాత్రం నాగలే. తండ్రికి కొడుకులు లేరు. ఆయన నడుం పడిపోయిన ఏడు, పదిహేనేళ్ల బసిలీసా మేడి పట్టింది. మళ్లీ వదలలేదు. పెళ్లి మాట ఎత్తిన వాళ్లతో "ఈ ఏడు దున్నకం అయిపోనివ్వండి" అనేది. అలా ముప్పై ఏడేళ్లు గడిచిపోయాయి. చిన్నా పెద్దా అందరూ ఆమెను మనాంగ్ బసింగ్ అనేవాళ్లు, అంటే బసింగ్ అక్క. ఆమె గేదె పేరు బితూన్. బలిసిన మెడ, వెనక్కి వంగిన కొమ్ములు, నొసటన చుక్కంత తెల్లమచ్చ. బితూన్‌కు బసింగ్ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి గిట్టదు.

బసింగ్ ఇల్లు తగూబంగ్‌లో. పొలం బగాకాయ్ వాగుకు అవతల, సాంతా మోనికాలో. దున్నడానికి ఆమెను పిలిచేవాళ్లలో ముప్పాతిక మందీ అవతలివాళ్లే. వాగుకు ఇవతల కాపిస్ ప్రావిన్సు, అవతల ఇలోయిలో ప్రావిన్సు. వాగు ఎండల్లో మోకాలి లోతు, వానల్లో నడుం లోతు. ఆ నీళ్లలో ఒక గీత ఉందని అప్పటిదాకా ఎవరూ తలచుకున్న పాపాన పోలేదు.

ఆ ఏడు దేశాధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. దున్నడానికి పనికొచ్చే పశువులు పట్నం కబేళాలకు తరలిపోయి, చిన్నరైతుల కొట్టాలు ఖాళీ అవుతున్నాయి. వయసులో ఉన్నవాటిని కొయ్యకూడదని అంతకుముందే ఒక ఉత్తర్వు ఉంది. దళారులు వాటిని రాత్రికి రాత్రి పక్క ప్రావిన్సుకు తోలి, అక్కడ కోసేవాళ్లు. అందుకని ఈసారి మెలిక గట్టిగా బిగించారు. గేదె ఏ వయసుదైనా, ఆడదైనా మగదైనా, ఒంట్లో ఎలా ఉన్నా, ఏ పని మీదైనా సరే, ఒక ప్రావిన్సు నుంచి ఇంకో ప్రావిన్సుకు కదలడానికి వీల్లేదు. కదిలితే ప్రభుత్వపరం.

రేడియోలో ఈ సంగతి విని బసింగ్ ఎంతో సంతోషించింది. "ఇన్నాళ్లకు గేదెల గోడు పట్టించుకున్నారు. మంచి పని చేశారు" అని సంతలో పదిమందికి చెప్పింది కూడా.

తొలకరి పడింది. తెల్లారగానే నాగలి భుజాన వేసుకుని, బితూన్‌ను ముందు నడిపిస్తూ వాగు దాటింది. అవతలి గట్టు మీద కొత్తగా తాటాకు పందిరి, దాని కింద బల్ల, బల్ల వెనక సాంతా మోనికా పోలీసు సార్జెంటు ఫొర్తునాతో లచికా.

"ఆగండాగండి మనాంగ్! ఎక్కడికీ ప్రయాణం?"

"ప్రయాణమేంటయ్యా? పొలానికి. రోజూ వచ్చేదాన్నేగా!"

"నిన్నటి లెక్క వేరు. గేదె ఏ ఊరిది?"

"నాది ఏ ఊరో దానిదీ అదే ఊరు. తగూబంగ్."

"అంటే కాపిస్. మరిప్పుడు దాని కాళ్లెక్కడున్నాయి?"

"బురదలో."

పందిరి కింద ఉన్న పోలీసులిద్దరూ కిసుక్కుమన్నారు. సార్జెంటు మాత్రం నవ్వలేదు.

"ఇలోయిలో బురదలో, మనాంగ్! ఏ పని మీదైనా కుదరదని ఉత్తర్వు. తాడు ఇలా ఇవ్వండి."

"నన్ను వదిలేసి దాన్నొక్కదాన్నే పట్టుకుంటావా?"

"మనుషుల సంగతి అందులో రాయలేదండీ."

బసింగ్ తాడు అందించి, నాగలి ఎత్తుకుని వెనక్కి తిరిగింది. ఇంటికొచ్చి ఖాళీ కొట్టం ముందు కూలబడింది. అన్నం సహించలేదు. మెచ్చుకున్న చట్టమే తన నెత్తిన పడిందని తలచుకుంటే ఏడుపుతో పాటు నవ్వూ వచ్చింది. నవ్వు రాగానే కాస్త తేలికైంది. 'రేడియోలో విన్నానే గానీ, ఆ కాగితం నేను చదివిందెక్కడ?' అనుకుంది.

మర్నాడు సాంతా మోనికా మునిసిపల్ ఆఫీసుకు వెళ్లి ఉత్తర్వు చూపించమంది. గుమాస్తా ఆశ్చర్యపోయాడు. అది వచ్చాక దాన్ని చూపించమని అడిగిన మొదటి మనిషి ఆమే. బసింగ్ వరండా బల్ల మీద కూర్చుని వేలు పెట్టింది. మొదటి పేజీ ఆమెకు తెలిసిందే. రెండో పేజీ దగ్గర వేలు ఆగింది. పట్టుబడిన మాంసమైతే ధర్మసంస్థలకు, పట్టుబడిన గేదెలైతే అర్హులైన రైతులకు పంచాలట. ఆ వాక్యాన్ని ఆమె మూడుసార్లు చదివింది. లేచి గుమాస్తా దగ్గరకెళ్లి, "అబ్బాయ్, అర్హులైన రైతుల దరఖాస్తు ఒకటి ఇటివ్వు" అంది.

పన్నెండో రోజున, గేదెను ఎవరికివ్వాలో తేల్చడానికి ప్రభుత్వ పశువైద్యుడు ఉల్పియానో పారెన్యో పట్నం నుంచి వచ్చాడు. ముప్పై ఏళ్లు కూడా నిండని మనిషి, మెడలో తువ్వాలు, చేతిలో దరఖాస్తుల కట్ట. మొత్తం తొమ్మిది. పోలీసు స్టేషను పెరట్లో సగం ఊరు పోగైంది. ఈ పన్నెండు రోజుల్లో బితూన్ సార్జెంటు భార్య వేసుకున్న చిలగడదుంప తీగలన్నీ మేసి, దండెం మీది రెండు ఖాకీ పంట్లాలు నమిలేసి, దగ్గరకొచ్చిన వాళ్లందరినీ కొమ్ములు దించి పలకరించింది.

బసింగ్ పేరు వినగానే సార్జెంటు ముందుకొచ్చాడు.

"డాక్టరు గారూ, ఇదేం న్యాయమండీ? తప్పు చేసినవాళ్లకే తిరిగిచ్చేస్తే ఇంక పట్టుకోవడం దేనికి?"

"ఇవ్వకూడదని ఏ వాక్యంలో ఉందో చూపించు బాబూ" అంది బసింగ్. "గేదె పోవడమే శిక్షన్నారు. పోయింది. ఇప్పుడు నాకు గేదె లేదు. నీ ఊళ్లో నాకు హెక్టారు పొలముంది, ఇదిగో పన్ను రసీదు. పొలముండి గేదె లేని రైతు అర్హురాలు కాకపోతే ఇంకెవరయ్యా అర్హులు?"

పారెన్యో తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాపుకున్నాడు. కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇవ్వకూడదని ఎక్కడా లేదు సార్జెంట్. కానీ మనాంగ్, అర్హత మిగతా ఎనిమిది మందికీ ఉంది. దున్నే గేదెను దున్నగలవాళ్ల చేతికే ఇస్తాను. రండి, తలా నాలుగు చాళ్లు దున్ని చూపించండి."

పక్కనే ఖాళీ మడి. మొదట తిబూర్‌సియో వచ్చాడు. బసింగ్ పొలానికి గట్టు పొరుగు, ఆమెకన్నా పదేళ్లు పెద్ద, ఆమెకు మనోంగ్, అంటే అన్న వరస, ఆమె దున్నకానికి ముప్పై ఏళ్లుగా వంకలు పెడుతున్న మనిషి.

"ఆడమనిషి చేతిలో గారాబంగా పెరిగింది. నా చెయ్యి పడితే అదే దారికొస్తుంది, చూస్తూ ఉండండి!"

"చూస్తాం మనోంగ్, చూడ్డానికేగా వచ్చాం!" అంది బసింగ్.

బితూన్ మొదటి చాలు సగం దాకా బుద్ధిగానే నడిచింది. ఆ తరవాత ఏం తోచిందో, నేరుగా మడి దాటి, మురుగ్గుంట వైపు బయలుదేరింది. తిబూర్‌సియో మేడి వదలకుండా "హో! హో!" అని అరుస్తూ వెంటే పోయాడు. గేదె గుంటలోకి దిగింది, నాగలి దిగింది, ఆయనా దిగాడు. పైకొచ్చేసరికి కళ్లు మాత్రం తెల్లగా కనబడుతున్నాయి.

"డాక్టరు గారూ, నా పేరు కొట్టెయ్యండి! దీనికెప్పుడైనా దూడ పుడితే అది చాలు నాకు. అదైనా ఈవిడ పెంపకంలో పడకుండా ఉంటుంది."

ఆయన తరవాత ముగ్గురు ప్రయత్నించి ఓడిపోయారు. ఒకాయన రెండు అడుగులు కూడా కదిలించలేకపోయాడు. మిగతా నలుగురికీ ఉన్నట్టుండి నడుం నొప్పి గుర్తొచ్చింది.

బసింగ్ వంతు వచ్చింది. పైకి ధీమాగా ఉన్నా లోపల ఆమెకు ఒకటే భయం. పన్నెండు రోజులు పరాయి పెరట్లో వదిలేసినందుకు అలిగి ఉంటే? దగ్గరకెళ్లి చెయ్యి చాపింది. బితూన్ ఆమె చొక్కా చేతిని మోచెయ్యి దాకా వాసన చూసి, దాని మీదే గట్టిగా తుమ్మింది. జనం గొల్లుమన్నారు. బసింగ్ నాలుక చప్పరించగానే కదిలింది. నాలుగు చాళ్లన్నారు, ఆరు దున్నింది. పారెన్యో గట్టున కూర్చుని ఒక కన్ను మూసి చూశాడు. ఒక్క చాలూ వంకర పోలేదు.

"షరతులు రెండు" అన్నాడు సంతకం చేస్తూ. "మొదటి దూడను ప్రభుత్వానికి ఇచ్చెయ్యాలి. దాన్ని ఇంకో రైతుకు ఇస్తాం. రెండోది, గేదె ఇంక ఇలోయిలోదే. వాగు దాటకూడదు."

"అది దాటదు. నేను దాటొచ్చా?"

"మీరెన్నిసార్లయినా దాటండి మనాంగ్."

"మరి నా ఇల్లు?"

డాక్టరు కలం ఆగింది. సార్జెంటు కాగితం అందుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాడు. "ఇంటి సంగతి ఏమీ రాయలేదు" అన్నాడు నీరసంగా.

వచ్చిన ఆదివారం తగూబంగ్ మగవాళ్లు ఇరవై మంది బసింగ్ వెదురింటి కింద బొంగులు దూర్చారు. "ఒకటీ రెండూ మూడూ!" అనగానే ఇల్లు తాటాకు కప్పుతో సహా భుజాల మీదికి లేచింది. లోపల మర్చిపోయిన కోడి ఒకటి కిటికీలోంచి తల బయటపెట్టి దారి పొడవునా కూస్తూనే ఉంది. నడుం లోతు నీళ్లలో బొంగు ఒకటి జారి, ఇల్లు ఒక పక్కకు ఒరిగింది. గట్టు మీది పందిరి కింద నుంచి సార్జెంటు లచికా ఒక్క క్షణం చూశాడు. బూట్లు విప్పి, పంట్లాం పైకి మడిచి, నీళ్లలోకి దిగి భుజం పట్టాడు.

"పెళ్లయి ప్రావిన్సు మారినవాళ్లను చూశాం గానీ, గేదె కోసం మారిన మనిషిని నిన్నే చూశామే బసింగ్!" అన్నాడు అవతలి గట్టున తిబూర్‌సియో.

"గేదె చేసినంత చాకిరీ ఏ మొగుడూ చెయ్యడు మనోంగ్, అందుకే చేసుకోలేదు!" అంది బసింగ్. ఆ మధ్యాహ్నం అందరికీ కొబ్బరిపాల బియ్యం పిండివంట, వేయించిన చేపలు పెట్టింది. సార్జెంటు మూడుసార్లు వడ్డించుకున్నాడు.

పద్నాలుగు నెలలకు బితూన్ ఈనింది. పెయ్య. పాలు మరిచాక పారెన్యో వచ్చి, షరతు ప్రకారం దాన్ని తిబూర్‌సియో పేర రాశాడు. దూడను ఇచ్చేటప్పుడు బసింగ్ ముఖం చిన్నబోయింది. కానీ దాని కొత్త కొట్టం ఆమె గట్టుకు నలభై అడుగులే. పెయ్య ఎదిగి, తిబూర్‌సియో దానికి నాగలి కట్టడం మొదలుపెట్టిన రోజు ఆమె గట్టెక్కి నిలబడి, "చెయ్యి పైకి! ఇంకాస్త పైకి మనోంగ్!" అని సాయంత్రం దాకా వంకలు పెడుతూనే ఉంది. ఆయన చెప్పినప్పుడల్లా చెయ్యి పైకెత్తాడు.

బితూన్ పట్టుబడిన ఆరేళ్లకు సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. యజమాని వాదన వినకుండా పశువును లాక్కోవడం చెల్లదంది. ఆ కబురు బసింగ్‌కు తెచ్చింది అప్పటికి ఉద్యోగ విరమణ చేసిన లచికాయే. చెమటలు కక్కుతూ సైకిలు దిగి, "మనాంగ్! ఇంక మీ గేదె ఎటైనా పోవచ్చు!" అన్నాడు.

"మళ్లీ ఇల్లు మొయ్యాలా ఏంటి?" అన్నాడు పక్క మడిలోంచి తిబూర్‌సియో గాభరాగా.

"ఇల్లు ఇక్కడే ఉంటుంది లెండి. గేదె మాత్రం చుట్టం చూపుగా వెళ్లొస్తుంది. తగూబంగ్‌లో మా పిన్ని కూతురి మడి దున్నకం లేక ఎండిపోతోంది" అంది బసింగ్.

మర్నాడు పొద్దున్నే బితూన్‌ను వాగులోకి దింపింది. అవతలి గట్టున తగూబంగ్ జనం చేతులూపుతూ నిలబడ్డారు. ఇవతల సాంతా మోనికా జనం సాగనంపడానికి వచ్చారు. బితూన్ సగం దాకా నడిచి, చల్లటి నీళ్ల మధ్య ఆగింది. ముందు కాళ్లు మడిచింది, వెనక కాళ్లు మడిచింది, మెడ దాకా మునిగి హాయిగా పడుకుంది.

"లేవే తల్లీ, అందరూ చూస్తున్నారు" అని బసింగ్ తాడు లాగింది. లేవలేదు.

లచికా గట్టు మీద నుంచి చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు. "మనాంగ్! ఇప్పుడది ఏ ప్రావిన్సులో ఉందంటారు?"

"అదేదో దాన్నే అడుగు!" అంటూ బసింగ్ లంగా దోపుకుని, తనూ నీళ్లలో దాని పక్కన కూర్చుంది.