మసిబాబును చెట్టు దింపిన వాళ్ళకు

మన చర్చి కమిటీయే ఆంటీ అల్లిన బొమ్మల్ని క్రిస్మస్ చెట్టు మీద నుంచి దింపించింది. అవి తిరిగి చెట్టెక్కకముందే, మొన్న గురువారం పొద్దున్న, ఆంటీ నిద్రలోనే పోయారు. బొమ్మలు దింపినందుకే పోయారని నేననను. కానీ ఆ బొమ్మల పెట్టెకు మూత పెడుతున్నప్పుడు ఆవిడ ముఖం చూశాను. చూసి ఊరుకోలేను.

ఇక్కడ అమెరికాలో, హెర్న్‌డన్‌లో రూములు పంచుకుని ఎమ్మెస్ చదివే మాకందరికీ ఆవిడ ఆంటీయే. నరసాపురంలో లేసు అల్లుతూ పెరిగారు. నర్సింగ్ చదివి చాలా ఏళ్ళు జర్మనీ ఆసుపత్రిలో పనిచేశారు. తర్వాత కూతురి దగ్గరకు ఇక్కడికొచ్చేశారు. లేసు అల్లిన ఆ క్రోషే సూదితోనే జర్మనీ వాళ్ళ అదృష్టపు బొమ్మలు అల్లేవారు. గులాబీరంగు పందిపిల్ల, తెల్లచుక్కల ఎర్ర పుట్టగొడుగు, నిచ్చెన భుజానేసుకున్న నల్లటి మనిషి. ఆ మనిషి పొగగొట్టాలు శుభ్రం చేసేవాడు. దారిలో ఎదురైతే తాకాలట, మంచి జరుగుతుందట. ఆంటీ అతనికి మసిబాబు అని పేరు పెట్టుకున్నారు. చెంచాను కొవ్వొత్తి మంట మీద పెట్టి, పట్టిన మసిని బొటనవేలితో బొమ్మ చెంపకు రాసేవారు. మాలో ఎవరికి ఇంటర్వ్యూ ఉన్నా ముందు ఆ చెంప తాకి వెళ్ళాల్సిందే.

మూఢనమ్మకాల మీద చిన్న పుస్తకాలు చదివి నేను వేడిమీదున్న రోజులవి. "అదృష్టం అంటూ ఏమీ ఉండదాంటీ. అన్నిటికీ కారణాలుంటాయి" అన్నాను.

"ఉంటాయిరా. కారణాలన్నీ ఫోల్డర్‌లో పెట్టుకుని వెళ్ళు. ముందు చెయ్యిలా తే."

ఆ మసి నా తెల్లచొక్కాకు అంటుకుంది. ఉద్యోగం రాలేదు. వెనక్కొచ్చి, "చూశారా?" అని ఎగిరాను. ఆవిడ రొయ్యల గోంగూర వడ్డిస్తూ, "ఉద్యోగం వస్తేనే అదృష్టమని ఎవరు చెప్పార్రా? నీకోసం ఒక మనిషి కూర్చుని మసి పట్టింది. అది చాలదూ?" అన్నారు.

ఈ ఏడు కమిటీ సెక్రటరీ అంకుల్ చెట్టు ముందు నిలబడి, "సిస్టర్, దేవుని మందిరంలో పందులేంటండీ? లక్ అన్నది బైబిల్‌లో లేదు" అన్నారు.

"ఈ చెట్టుందా బాబూ?" అన్నారు ఆంటీ.

అందరూ నవ్వారు. అంకుల్ నవ్వలేదు. హెచ్-వన్ వీసా లాటరీ తగలాలని మనచేత గొలుసు ప్రార్థనలు చేయించే కమిటీకి లక్ అన్న మాట పాపమైపోయింది!

నేను గొడవకు లేచాను. ఆంటీ నా మోచెయ్యి పట్టి కూర్చోబెట్టారు. ఒక్కో బొమ్మనీ టిష్యూలో చుట్టి షూబాక్సులో పెడుతూ, "నలగకుండా దాచరా. వచ్చే ఏడు కొత్త పిల్లలొస్తారుగా" అన్నారు. ఆ తర్వాత ఆవిడ నవ్వడం నేను చూడలేదు. అంకుల్ ఆ పెట్టెను స్టోర్‌రూమ్‌లో పెట్టి తాళం వేయించారు.

నిన్న సమాధి దగ్గర పాస్టర్‌గారు ఆ స్టోర్‌రూమ్ తాళంచెవి నా చేతిలో పెట్టారు. వెళ్ళి పెట్టె తెరిచాను. మసిబాబు చెంప మీద ఆంటీ బొటనవేలి గుర్తు ఇంకా చెదరలేదు.

ఈ శనివారం సాయంత్రం నాలుగింటికి అందరూ చర్చి హాలుకు రండి. బొమ్మలన్నీ మళ్ళీ చెట్టుకు కడదాం. సెక్రటరీ అంకుల్, మీరూ రండి. పాత మసిబాబును పైకొమ్మకు కడతాను, అతన్ని మాత్రం ఎవరూ తాకొద్దు. ఆ గుర్తు అలాగే ఉండాలి. మీ అందరి చేతులకూ రాయడానికి మసి నేను పడతాను. కొవ్వొత్తీ చెంచా తెస్తున్నాను.

తెల్లచొక్కాల్లో రండి.