నన్ను బయటికి పంపిన పది నిమిషాలు

మా తమ్ముడి ఊపిరితిత్తులు పాడవడానికి పక్క చేను ఆసామే కారణమని విజయవాడ ఆసుపత్రిలో రెండు రోజులపాటు అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ చెప్పాను. కోత మిషను వదిలేసిన గడ్డిని ఆయన ఆ వారమే తగలబెట్టాడు. పామర్రులో మా పెరటి దాకా పొగ కమ్మింది. వద్దంటే, "నీ చేలో కాదుగా" అన్నాడు. వాళ్ళ మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి మా ఇంటికొచ్చి బొట్టుపెట్టి పిలవకుండా, పాలవాడి చేత కార్డు పంపించిన మనిషి ఆయన. నేనది మరిచిపోలేదు.

తమ్ముడికి ముప్పై ఎనిమిదేళ్ళు. బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసులో ఉద్యోగం, శని ఆదివారాలు మా ఇంట్లోనే. ఆ ఆదివారం దగ్గు, జ్వరం, వాంతులు. సోమవారానికి నాలుగు మెట్లెక్కలేకపోయాడు. నేనే కారులో తీసుకెళ్ళాను. స్కాన్‌లో రెండు ఊపిరితిత్తులూ మంచు పట్టినట్టు తెల్లగా ఉన్నాయన్నారు. ఆక్సిజన్ పెట్టారు.

డాక్టరమ్మ తమ్ముణ్ణి అడిగింది. "సిగరెట్లు గానీ, ఇంకేమన్నా పీల్చే అలవాటు గానీ ఉందాండీ?"

"మా ఇంటావంటా లేదండీ," అన్నాను నేను. "గడ్డి పొగ మేడమ్. రాసుకోండి."

"ఆయన్ని చెప్పనివ్వండి."

తమ్ముడు నా వంక చూసి, లేదన్నట్టు తల ఊపాడు.

న్యుమోనియా అనుకుని మందులెక్కించారు. మూడో రోజుకి ఆక్సిజన్ ఇంకా పెంచాల్సి వచ్చింది. ఇలాగే ఉంటే వెంటిలేటరే అన్నారు. అప్పుడు నర్సు నా దగ్గరికొచ్చి, "మీరు కాస్త బయట కూర్చోండి సార్," అంది.

"తీసుకొచ్చింది నేను, సంతకాలు పెట్టింది నేను. నేనెందుకు బయటికి?"

"పెద్దవాళ్ళ ముందు కొన్ని చెప్పలేరు సార్. రండి."

తలుపు బయట పది నిమిషాలు నిలబడ్డాను. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. కూర్చోలేదు.

డాక్టరమ్మ బయటికొచ్చింది. "మీ తమ్ముడు గంజాయి నూనె పీలుస్తున్నారండీ. పెన్నులాంటి దాంతో వేడిచేసి ఆ ఆవిరిని, ఏడాదిగా. దానివల్లే అనుకుంటున్నాం. స్టెరాయిడ్ మొదలుపెడుతున్నాం."

నాకు అర్థం కాలేదు. గంజాయంటే చుట్టి కాల్చేది, వాసన వీధి చివరికొచ్చేది. దీనికి నిప్పు లేదు, బూడిద లేదు. ఆ పెన్నులాంటిది వాడి మంచం పక్కన ఛార్జింగ్‌లో ఉండగా చూశాను. ఇయర్‌ఫోన్లకి సంబంధించిందేమో అనుకున్నాను. ఒకసారి నేనే ఊడదీసి, "ఛార్జింగ్ నిండిందిరా" అని చేతికిచ్చాను.

"మరి గడ్డి పొగ?"

"అదీ మంచిది కాదు. కానీ ఆ పొగ మీరూ పీల్చారుగా?"

నేను మాట మార్చాను.

"మొదటి రోజే వాడు చెప్పొచ్చుగా మేడమ్?"

"మీరు చెప్పనిచ్చారా?" అనేసి వెళ్ళిపోయింది. అదీ నేను మరిచిపోలేదు.

నాలుగు రోజులకి ఆక్సిజన్ తగ్గించారు. తమ్ముడు ఆగి ఆగి మాట్లాడుతున్నాడు.

"పరాయివాళ్ళకి చెప్పినవాడివి నాకు చెప్పలేకపోయావురా?" అన్నాను.

"నీ ముందు ఏనాడైనా సిగరెట్టు ముట్టుకున్నానా అన్నయ్యా?" అన్నాడు. తప్పు ఒప్పుకుంటున్నట్టు అనలేదు. నన్ను మెచ్చుకోమన్నట్టు అన్నాడు.

నా మీద గౌరవంతో వాడు రెండు రోజులు ఊపిరాడక పడుకున్నాడన్నమాట. దానికి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. వాడి ముక్కు దగ్గర జారిన గొట్టాన్ని సర్దాను. నర్సు వచ్చి, "అలా కాదు సార్," అని మళ్ళీ సర్దింది.